ఓడి వచ్చినవాళ్లకు ఎర్రనీళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆటలో ఓడి వచ్చినవాళ్లు వీధి దారిన ఇంటికి వచ్చేవారు కాదు. కాలవగట్టు దిగి, అరటితోటల వెనకనుంచి నడిచి, దొడ్డిగుమ్మంలోంచి దొంగల్లా లోపలికి దూరేవారు. అలా రమ్మని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. రావద్దని కూడా ఎవరూ అనలేదు, మా మామ్మ అనేదాకా.

మామ్మంటే మా నాన్నగారి అమ్మ. ఆవిడ చిన్నకొడుకు, మా బాబాయి, టౌనులో కాలేజీ చదువుతూ అక్కడి ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరుగా ఆడేవాడు. ఆ ఏడు వాళ్లు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయారు. వానాకాలమంతా కాలేజీ గ్రౌండు నీళ్లలోనే నానుతూ ఉండేది. పాపం ఆ కుర్రాళ్లు బురదలోనే ప్రాక్టీసు చేసేవారు. బురదలో బంతి కదలాలంటే బలమంతా కూడదీసుకుని తన్నాలి. అదే అలవాటున పొరుగూరి గట్టినేల మీదా తన్నేవారు, బంతి గ్రౌండు దాటి ఎవరి చేలోనో పడేది. సామర్లకోట వెళ్లి ఓడి వచ్చారు. రాజమండ్రి వెళ్లి ఓడి వచ్చారు. ఓడింది జట్టంతా అయినా మాట పడేది మాత్రం గోల్ దగ్గర నిలబడ్డ మా బాబాయే.

ఆ మాటలన్నీ పుట్టేది మా ఎదురింటి అరుగు మీద. ఆ ఇంటి పెద్దాయన తీరుబాటు మనిషి. సాయంత్రమయ్యేసరికి ఆయన చుట్టూ నలుగురు చేరేవారు. వాళ్లలో ఒక్కరు కూడా బంతిని కాలితో ముట్టిన పాపాన పోలేదు గాని, ఎలా ఆడాలో అందరికీ తెలుసు. మన గోదావరి మర్యాదలు బంతికి కూడా చేస్తున్నావట గదా, లోపలికి దయచెయ్యమంటున్నావట గదా అని బాబాయిని పట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వుకి నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. బాబాయి మాత్రం కాలవగట్టు దారి పట్టాడు, అంతే.

పిఠాపురం ఆటకి బయలుదేరేటప్పుడు, ఇవాళ కూడా ఓడితే ఇంక ఆడనని మా అమ్మతో చెప్పి వెళ్లాడు. గోల్ దగ్గర నిలబడి తిట్లు తినడానికి ఆ జట్టులో ఇంకెవరూ ఒప్పుకోలేదు. బాబాయి మానేస్తే, మిగిలిన ఆఖరి ఆటకి జట్టే ఉండదు. ఆ సంగతి మామ్మకీ తెలుసు.

ఆ రోజు ఆరు గోల్స్ పడ్డాయి. కబురు బాబాయికన్నా ముందు బస్సులోనే ఊరు చేరింది. అరుగు మీద అప్పుడే సందడి మొదలైంది. మామ్మ నన్ను పిలిచి దొడ్డిగుమ్మానికి గడియ వేసి రమ్మంది. తర్వాత ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసుకుని, పసుపూ సున్నమూ కలపడం మొదలుపెట్టింది. నీళ్లు ఎర్రగా తిరిగాయి. శుభకార్యం ఏమీ లేదు, పసిపిల్లలు ఎవరికీ ఒంట్లో బాగాలేకుండా లేదు, ఈ దిష్టి ఎవరికో నాకు అర్థం కాలేదు.

చీకటి పడబోతుండగా దొడ్డితలుపు చప్పుడైంది. తియ్యమ్మా అని బాబాయి గొంతు. నేను గడియ మీద చెయ్యి వేశాను. మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వీధి గుమ్మం బార్లా తీసే ఉందిరా. అటు రా."

బాబాయి బతిమాలాడు. కోప్పడ్డాడు. చివరికి అడుగుల చప్పుడు దూరమైంది. ఎక్కడికైనా వెళ్లిపోతాడేమోనని నాకు ఏడుపొచ్చింది. మామ్మ పళ్లెంలో కర్పూరం పెట్టుకుని వీధిలోకి వెళ్లి నిలబడింది. కాసేపటికి కాలవ వంతెన వైపునుంచి బాబాయి తల వంచుకుని వచ్చాడు. ఒక్కడే కాదు, మా ఊరినుంచే ఆడే మరో ఇద్దరు కుర్రాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల దొడ్డితలుపులు తీసే ఉన్నాయి. అయినా స్నేహితుణ్ణి ఒంటరిగా వదలలేక వచ్చారు.

ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి మామ్మ దిష్టి తీస్తుంటే అరుగు మీద ఒకటే నవ్వు. ఎదురింటి పెద్దాయన ఉండబట్టలేక అడిగేశాడు.

"వదినగారూ, ఓడిపోయి వచ్చినోళ్లకి దిష్టేంటండీ? ఎవరి కన్ను పడిందంటారు?"

మామ్మ చెయ్యి ఆపలేదు.

"మీదేనండి అన్నయ్యగారూ. వాడు ఆరుసార్లు పడ్డాడు, ఆరుసార్లూ లేచాడు. మీరు పొద్దున్నించీ అరుగు దిగలేదు. ఇంకెవరి కన్ను పడుద్దండీ?"

అలా అని, పిల్లల్ని లోపలికి పంపించి, ఆ ఎర్రనీళ్లని తీసుకెళ్లి సరిగ్గా ఆ అరుగు మెట్ల ముందు, ఈ చివరనుంచి ఆ చివరదాకా ధారగా పోసింది. దిష్టినీళ్లు తొక్కేవాళ్లు మా ఊళ్లో లేరు. అరుగు మీదవాళ్లు కాసేపు మెట్లవైపూ ఒకళ్ల మొహాలొకళ్లూ చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కళ్లే లేచి, ఆ పెద్దాయన ఇంట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి కాలవగట్టు మీదకి పోయారు. పంచెలు ఎత్తిపట్టుకుని అరటితోటల వెనకనుంచి వాళ్లు వెళ్లడం నేను డాబా ఎక్కి మరీ చూశాను. ఆ రాత్రి బాబాయి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆఖరి ఆట గెలిచారని చెప్తే వినేవాళ్లకి బాగుంటుంది. గెలవలేదు. ఒక్క గోల్ తేడాతో అదీ ఓడారు. కాని ఆ సాయంత్రం బాబాయి బస్సు దిగి, బూట్లు భుజాన వేసుకుని, వీధి మధ్యలోంచి తీరిగ్గా నడిచి వచ్చాడు. అరుగు మీదవాళ్లంతా మామ్మ చేతిలో పళ్లెం ఉందో లేదో చూసుకునే పనిలో ఉన్నారు.

ఇప్పుడు మేం రాజమండ్రిలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. ఈ ఏడు మా మనవరాలి కాలేజీలో ఆడపిల్లలకి అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. ఒలవని కొబ్బరికాయలాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తుతారు, అవతలివాళ్లు మీదపడి పడగొడతారు. మా పిల్ల జట్టు ఇంతవరకూ ఒక్కటీ గెలవలేదు. గేటు దగ్గర బెంచీ మీద కూర్చునే పెద్దమనుషులకి అదే కాలక్షేపం. మొన్న ఓడి వస్తూ, వెనక మెట్ల మీదనుంచి వస్తాను, తలుపు తీసి ఉంచు అమ్మమ్మా అని ఫోన్ చేసింది.

వెనక మెట్ల తలుపుకి తాళం వేయించాను. పళ్లెం పట్టుకుని కిందికి దిగాను. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది గాని, నిలబడింది. అపార్ట్‌మెంటు సెక్రటరీగారు గబగబా వచ్చి టైల్స్ మీద మరకలు పడతాయండీ అన్నారు. పిల్ల మోకాళ్ల నిండా పడ్డాయండి, టైల్స్ మీద పడితే ఏమైంది అని, సరిగ్గా ఆ బెంచీ ముందు పారబోశాను.

మర్నాడు పొద్దున్నే పిల్ల ప్రాక్టీసుకి పెద్ద గేటులోంచే వెళ్లింది. ఇంకా ఆటలు మిగిలే ఉన్నాయి. పసుపూ సున్నమూ చేతికందే చోటే పెట్టుకున్నాను.