అవ్వ ఒళ్ళు తుడిచిన శుక్రవారం

నర్సింగులో చేరకముందే నర్సింగు పుస్తకం చదివేసినదాన్ని నేను. ధర్మవరం గ్రంథాలయంలో రోగుల సేవ గురించి తెలుగులో ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. దాన్ని తెచ్చుకోవడం, ఇచ్చేయడం, మళ్ళీ తెచ్చుకోవడం. "ఇంకెవురూ అడగరులేమ్మా, నీ దగ్గరే పెట్టుకో" అని గ్రంథాలయం సారు నవ్వేవాడు. మంచం మీదున్న మనిషికి ఒళ్ళెలా తుడవాలో, దుప్పటి ఎలా మార్చాలో అడిగితే గడగడా చెప్పేదాన్ని. చేసి చూసింది మాత్రం ఏదీ లేదు. నొప్పితో ఉన్న మనిషిని ముట్టుకోవాలనుకుంటేనే అరచేతులకు చెమటలు పట్టేవి.

సోమవారం హిందూపురం కాలేజీలో చేరాలి. అంతకుముందు శుక్రవారం పెనుకొండలో పిన్ని ఇంటికి బయలుదేరాను. తుంటి ఎముకకు ఆపరేషన్ అయ్యి అవ్వ అక్కడే ఉంది. అవ్వకు నా చేతులతో ఒళ్ళు తుడవాలి, చేతకాకపోతే చదువు వద్దని నాయనతో చెప్పేయాలి. రైల్లో కూర్చుని ఇలా తేల్చుకున్నాను.

పిన్ని గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"కానీయ్ నర్సమ్మా, చూస్తాం" అంది.

పక్కనే గూట్లో దేవుడి పటం, దాని ముందు విభూది గిన్నె ఉన్నాయి. నన్నడక్కుండానే నా వేళ్ళు ఆ గిన్నెలోకి వెళ్ళాయి. మా ఇంట్లో మగ్గం మీద పట్టు అయిపోయినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగులను మెలిపెట్టి అతికేది నేనే. పోగు జారకుండా ముందుగా వేళ్ళకు బూడిద అద్దుకుంటాం. భయంలో చేతులు తమకు తెలిసిన పనే మొదలుపెట్టాయి. తెల్లబడ్డ ఆ వేళ్ళతోనే అవ్వ భుజం పట్టుకున్నాను.

అవ్వ తన భుజం చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"ఏమ్మే, నేనింకా పోలేదు కదే! అప్పుడే విభూది పూస్తాండావా?"

"ఏ పుస్తకంలో ఉండాదే ఇది?" పిన్ని కడుపు పట్టుకుని నవ్వింది.

"నవ్వించొద్దే, కాలు లాగుతాండాది" అంటూనే అవ్వ నవ్వుతోంది. నేనూ ఆపుకోలేకపోయాను. అంత నవ్వులోనూ నా చెయ్యి అవ్వ భుజం మీదే ఉంది.

సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాను. ఇప్పుడు పుస్తకం వరసగా గుర్తొచ్చింది.

"అవ్వా, మోకాళ్ళ మధ్య దిండు పెడతాండా. ఇప్పుడు మెల్లగా నా పక్కకి తిప్పుతా."

పిన్ని అటునుంచి పట్టుకుంది. అవ్వ వీపు పలచగా, వెచ్చగా ఉంది. మెడ నుంచి కిందికి తుడుస్తూ వస్తుంటే, నడుము కింద చింతగింజంత ఎర్రటి మచ్చ కనిపించింది. వేలితో నొక్కి వదిలాను. ఎరుపు పోలేదు. పుస్తకంలో దాని గురించిన పుటే కళ్ళముందు తెరుచుకున్నట్టయింది.

"పిన్నీ, ఇది పడక పుండుకు మొదలు! రుద్దగూడదు. గంటా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాల."

"ఒంటి ఉడుకుకు కందిందనుకుని నూనె పెట్టి రుద్దుతాంటినే!"

పిన్ని డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయనా అదే మాట చెప్పి, సాయంత్రం వచ్చి చూస్తానన్నాడట. నాకు ఇల్లంతా గంతులేయాలనిపించింది.

"రేపు కూడా నువ్వే తుడువు. మీ పిన్ని బండలు తోమినట్టు తోముతాది" అంది అవ్వ.

వెంటనే నాయనకు ఫోన్ చేశాను.

"నాయనా, సోమవారం నా పెట్టె నువ్వే రైల్లో తీసుకొని రా. నేను ఈడ పెనుకొండలో ఎక్కుతా."

"ఇంటికి రావా? ఆడ నీకేం పనే?"

"ఒక పేషెంటు ఉండాది నాయనా. పొద్దున్నే ఒళ్ళు తుడిచి స్టేషనుకు వస్తా."