సిస్టరమ్మ వానడబ్బా

మా ఊరికి పోతూ బలసముద్రం దాటి సోలార్ పార్కు పక్కన బస్సు దిగినప్పుడల్లా నాకు తడిమన్ను వాసన కొడుతుంది. తలెత్తి ఆకాశం చూస్తాను, అక్కడ ఏమీ ఉండదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు ట్యాంకరు నీళ్లతో సోలార్ పలకలు కడుగుతుంటారు. ఆ నీళ్లు అంచుల మీదుగా జారి ఎర్రనేల మీద పడి, వాన రాని చోట వాన వాసన లేపుతాయి. మొన్న అలా మోసపోయి తల దించేసరికి కంచె లోపల, ఒక తెల్లటి కమ్మీ మీద, వాన కొలిచే డబ్బా కనబడింది. సంచి చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, కరువు రెండో ఏడు, మంచు పడే దేశం నుంచి ఒక సిస్టరమ్మ మా ఊరికి వచ్చింది. ఊరి బయట మిషన్ వాళ్లు కట్టిన రెండు గదుల పెంకుటింట్లో దిగి, పొద్దున్నే వేపకొమ్మకు కట్టిన రైలుపట్టా ముక్కను తానే సుత్తితో కొట్టి ఊరిని లేపేది. ఎండకు ఆమె ముక్కు మీద తోలు ఉల్లిపొరలా లేచిపోయేది. బూట్లు దులిపి, తేలు లేదని చూసుకుని తొడుక్కునేది. దోమతెర కింద పడుకుంటుందని తెలిసి మా అవ్వలందరూ ఒకరోజు వరుసగా వెళ్లి ఆ తెరను తడిమి చూసి వచ్చారు. సంగటి ముద్దను చెంచాతో కోసి తినేది, పుండ్లకు ఊదారంగు మందు పూసేది, మధ్యాహ్నం ఎండలో ఊరంతా కళ్లు మూసినప్పుడు కిటికీ దగ్గర కూర్చుని పల్చని నీలికాగితం మీద ఇంటికి ఉత్తరాలు రాసేది. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు మాట్లాడేది; ఆమె "రండి పిల్లలారా" అంటే మేం వెనక్కి తిరిగి, ఎవర్ని పిలుస్తోందా అని చూసేవాళ్లం.

పదకొండు గంటలకు గంజి. గోధుమనూకను డబ్బానూనెతో ఉడికించిన ఆ గంజి వాసన గాలివాటున మా గొర్రెలదొడ్డి దాకా వచ్చేది. పళ్లేలు గుండెలకు ఆనించుకుని పాట పాడాలి, ప్రార్థనకు కళ్లు మూసుకోవాలి. నేను ఒక కన్ను తెరిచి గంజి చల్లారుతుందేమోనని చూసేదాన్ని. మా చెల్లెలికి అప్పుడు రెండేళ్లు, ఎముకల గూడు. సంగటి ఇముడ్చుకోలేని పిల్ల ఆ గంజి మీదే బతికింది.

సిస్టరమ్మ ఇంటి ముందు, ఎండలో, ఒక రాయి మీద వాన కొలిచే రేకుడబ్బా ఉండేది. పైన గరాటు, లోపల సన్నమూతి సీసా. గంజికి గింజలు పంపే మిషన్ పెద్దాఫీసు వాళ్లు ఇచ్చినది. ఏ ఊళ్లో వాన పడి విత్తు మొదలైతే ఆ ఊరికి గంజి ఆపి, ఇంకో కరువు ఊరికి పంపాలని వాళ్ల లెక్క. తప్పు లెక్క కూడా కాదు. ఆమె రోజూ గంట కొట్టాక సీసా పైకి తీసి చూసి, పుస్తకంలో సున్నా రాసేది. ఎండాకాలం చివర జ్వరం వచ్చి, రెండు నెలలు చలికొండలకు పోతూ, గంజి పని వంటామెకు అప్పజెప్పి, వచ్చాక కొలుస్తాను, దీన్ని ఎవరూ ముట్టుకోకండని చెప్పి పోయింది.

మా అవ్వకు ఆ డబ్బా వేరేగా అర్థమైంది. వాన రాకపోతే మా దిక్కున బంకమట్టితో వానరాయుణ్ణి చేసి, పీట మీద పెట్టి, పిల్లలు నెత్తిన మోసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఆడమనిషీ చెంబుడు నీళ్లు ఆ బొమ్మ మీద పోస్తుంది. అవ్వ తెల్లారకముందే గొర్రెలు తోలుకుని పోతూ మిషన్ ఇంటి దగ్గర ఆగింది. తన సొరబుర్రలో దినమంతా తాగడానికి ఉన్న నీళ్లలోంచి ఇన్ని ఆ గరాటులో పోసింది.

"ముట్టుకోగూడదని చెప్పినాది కదవ్వా ఆయమ్మ," అన్నాను, ఆ మొదటిరోజు వెంట పోయిన నేను.

"నేను యాడ ముట్టుకుంటి మే? నీళ్లు ముట్టుకున్న్యాయి. దొరల వానరాయుడు ఇది. ఎండలో ఒంటిగా నిలబెట్టి పాయె, ఎవురు పోస్తారు దీనికి?"

రోజూ పోసింది. ఆ నీళ్ల కోసం రెండు మైళ్లు నడిచేది. దొడ్డి దగ్గరి నుంచి నేను రోజూ చూశాను.

సిస్టరమ్మ జీపులో తిరిగివచ్చిన రోజు, పెద్దాఫీసు నుంచి ఒక అయ్యగారు కూడా దిగాడు. మేం పళ్లేలతో వరుసలో ఉన్నాం. ఆమె సీసా పైకి తీసి, నిండుగా ఉన్న నీళ్లు చూసి, కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పింది. ఊరివాళ్లు వాన పడలేదన్నారు. చేలు చూడమన్నారు, ఒక్క చాలు విత్తని చేలు, రాయి విసిరితే తగిలేంత దూరంలో ఉన్నాయి.

"విత్తకపోతే అది సోమరితనం," అన్నాడు అయ్యగారు. "మనుషులకు కడుపుంటుంది సిస్టర్, అబద్ధమాడతారు. డబ్బాకు కడుపు లేదు."

సిస్టరమ్మ చేల వైపు చూసి, మళ్లీ సీసా వైపు చూసి, మా వైపు తిరిగింది. "ఇందులో ఎవరైనా నీరు పోసితిరా?"

అవ్వ అక్కడ లేదు, గొర్రెల వెంట ఉంది. నేనున్నాను. బొమ్మలకు నీళ్లు పోసేవాళ్లు నిప్పుల్లో పడతారని సిస్టరమ్మ మాకు పటం వేసి చూపించింది. చెబితే అవ్వను తిడతారు, మా పళ్లెం లాక్కుంటారు అనుకున్నాను. గంజి పోతుందన్న భయంతో నోరు మూసుకున్నాను. వారం తిరక్కుండా గంజి ఆగిపోయింది.

అవ్వకు ఆ రాత్రి, డబ్బాలో వాన పడిందని సిస్టరమ్మ చెప్పిందని మాత్రమే చెప్పాను. అవ్వ ముఖం వెలిగింది. "మన ఊర్లో కాకపోతే యాడో పడింటాది లే. పోసిన నీళ్లు యాడికి పోతాయి?" ఆ పొద్దు నుంచి ఆకలి లేదంటూ, తన సంగటిని మజ్జిగలో పలచగా కలిపి చెల్లెలికి పట్టింది. చెల్లెలు బతికింది. మళ్లీ వాన వచ్చేలోగా అవ్వ పోయింది. ముసలితనం అన్నారు.

పెద్దయ్యాక మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో మాట్లాడాను. ఈ కథ చెప్పి జనాన్ని నవ్వించాను కూడా. మొదట్లో గరాటులో నీళ్లు పోసిన ముసలమ్మ దగ్గర కథ ఆపేసేదాన్ని. తర్వాత్తర్వాత, ఎదుటి చేనును కాదని డబ్బాను నమ్మిన చదువుకున్నవాళ్ల సంగతి ఆవేశంగా చెప్పేదాన్ని. నిజం తెలిసి పళ్లెం పట్టుకుని నిలబడిన పిల్ల సంగతి ఏ సభలోనూ చెప్పలేదు. ఇప్పుడు వాదించే ఓపిక తగ్గింది, అందుకే చెబుతున్నాను.

మిషన్ ఇల్లు లేదు, రైలుపట్టా గంట లేదు, డబ్బా నిలిచిన రాయి ఏ పలకల వరుస కింద ఉందో తెలియదు. చేలు సోలార్ పార్కుకు కౌలుకు పోయాయి, గొర్రెలు తిరిగే బాట కంచెలోకి పోయింది. వానరాయుణ్ణి మోసే పిల్లలూ లేరు.

కంచె లోపలి నుంచి కాపలా కుర్రవాడు వచ్చాడు. "ఏందక్కా, అప్పట్నుంచి దాన్నే సూస్తాండావు?"

"దాన్లో ఎవరన్నా నీళ్లు పోస్తే మీవాళ్లకు తెలుస్తుందా?"

వాడు నవ్వాడు. "ఎవురు పోస్తారక్కా? తాగను నీళ్లు లేకపాయె."

"పోస్తారప్పా," అన్నాను. "తాగే నీళ్లే పోస్తారు."