మామగారి టర్బో కారులో ముందు సీటు

మొన్న మా అమ్మాయి నన్ను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం తీసుకెళ్తుంటే, భీమడోలు దాటాక కారులో పసుపుపచ్చ లైటు వెలిగింది. గూడెంలో షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మెకానిక్కు స్టీరింగు కింద ఏదో చిన్న పరికరం గుచ్చి, తన ఫోనులోకి చూసి, పెట్రోలు ప్రెషరు తక్కువగా ఉందండీ, పంపు చూడాలి అని కాఫీ తాగేలోపు తేల్చేశాడు. అమ్మాయి విసుక్కుంటోంది గానీ, ఆ మాట చెవిన పడగానే నాకు మా మామగారు గుర్తుకొచ్చి, షెడ్డు బల్ల మీద కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

నేను అత్తిలి నుంచి పెదపాడు దగ్గర పల్లెకి కాపురానికి వచ్చిన కొత్తలవి. డిగ్రీ అయీ అవగానే పెళ్లి చేశారు. అత్తవారిది వరిచేలున్న కుటుంబం, మనుషులు మెత్తనివాళ్లే, కాకపోతే కోడలు మామగారి ఎదుటపడి మాట్లాడటమన్నది ఆ ఇంట్లో లేదు. ఆయన వీధి అరుగు మీద ఉంటే నేను పెరటి దోవన తిరిగేదాన్ని. నేను కలిపిన కాఫీ బాగుందన్న సంగతి కూడా అత్తగారి నోటి ద్వారానే నాకు చేరేది. మావారు గూడెంలో బ్యాంకు ఉద్యోగానికి పొద్దున్నే రైలెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకి గానీ వచ్చేవారు కాదు. ఏలూరులో బీయెడ్ చదవాలని నాకు ఎంతో ఉండేది, దరఖాస్తులు పెట్టే రోజులు దగ్గర పడుతున్నాయి కూడా. ఆ మాట మావారితో అంటే, నాన్నగారు ఒప్పుకుంటే నాదేముంది అనేవారు. నాన్నగారిని అడగాల్సింది ఎవరన్నది మాత్రం తేలేది కాదు.

మామగారికి పొలం తర్వాత ప్రాణం ఆ కారు. చూడటానికి ఆ రోజుల్లో నలుగురిళ్లలో ఉండే మామూలు పెట్రోలు కారే, కానీ విజయవాడలో స్నేహితుడి షెడ్డులో నెలల తరబడి ఉంచి దానికి టర్బో పెట్టించారు. ఇంజను పొగ బయటికి పోయే ఊపుతో ఒక చిన్న చక్రం తిరిగి, లోపలికి మరింత గాలిని కుక్కుతుంది. కాలు నొక్కితే సన్నగా ఈల వేస్తూ దూసుకుపోయేది. మా అత్తగారికి ఆ ఈల అంటే ఒళ్లుమంట. పెద్దమనిషి బయల్దేరాడని ఊరంతటికీ చెప్పాలా అనేవారు.

ఆ ఏడు వానలు వెలిసిన కొత్తలో కారుకి జబ్బు చేసింది. ఊళ్లో నెమ్మదిగా తిరిగితే ఏ లోటూ లేదు, రోడ్డెక్కి కాలు గట్టిగా నొక్కామా, దగ్గుతూ తుళ్లుతూ వెనక్కి తగ్గిపోయేది. ఆయన ప్లగ్గులు విప్పి చూస్తే సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయట. గాలి ఎక్కువగా వస్తోంది, దానికి తగ్గ పెట్రోలు రావటం లేదు, అలాగే నడిపితే లోపల పిస్టన్లు కరిగిపోతాయి అని విజయవాడ స్నేహితుడు ఫోనులో హెచ్చరించాడు. ఫిల్టరు మార్చినా గుణం కనపడలేదు. టర్బో ఊడపీకించి కారుని మనుషుల్లో కలపమని అత్తగారు, బంధువులు అందరూ ఒకే పాట. ఆయన ముభావంగా అయిపోయారు, అన్నం దగ్గర కూడా మాట ఉండేది కాదు.

చివరికి ఒక ప్రెషరు గేజి తెప్పించి, దాని గొట్టాన్ని ఇంజను దగ్గర పెట్రోలు లైనుకి బిగించి, గేజిని ముందు అద్దానికి బయటివైపు టేపుతో అంటించారు, పెట్రోలు కారినా లోపలికి రాకుండా. బండి పరుగెత్తేటప్పుడు ముల్లు ఎక్కడుందో చూడాలి, అదే సమయంలో రోడ్డూ చూడాలి, ఒక్కరివల్ల కాదు. ఆదివారం మావారిని కూర్చోబెట్టుకుంటే ఆయన కొల్లేటి పక్షులు చూస్తూ, బానే ఉంది నాన్నా అంటూ తిరిగొచ్చారు. అత్తగారికి వేగంగా వెళ్తే కళ్లు తిరుగుతాయి. మర్నాడు పొద్దున్న మామగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, అత్తగారిని ఉద్దేశించి, గోడతో చెప్పినట్టు అన్నారు.

"అమ్మాయి సైన్సు చదివింది కదా, ఒకసారి వచ్చి ఆ ముల్లు చూస్తుందేమో అడుగు."

మామగారి పక్కన ముందు సీట్లో నేను కూర్చోవటమా అని అత్తగారు తటపటాయించి, కళ్లు తిరిగినా సరేనని తానూ వెనక సీట్లో ఎక్కారు. ముగ్గురం కైకలూరు రోడ్డు పట్టాం. అటూ ఇటూ చేపల చెరువులు, మధ్యలో తిన్నటి రోడ్డు. ఆయన కాలు నొక్కారు. నేను మూడు, మూడుంపావు, మళ్లీ మూడు అని లోపల్లోపలే గొణుగుతున్నాను. టర్బో ఈలలో నా గొంతు నాకే వినపడలేదు.

"కాస్త గట్టిగా చెప్పమ్మా. నాకు వినపడటం లేదు."

ఏడాదిలో ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అదే. మళ్లీ నొక్కారు. ముల్లు పైకి లేవాల్సింది పోయి రెండున్నరకి, ఆ కిందికి జారింది, ఇంజను దగ్గటం మొదలెట్టింది. నాకు పిస్టన్ల మాట గుర్తొచ్చి భయంతో, "పడిపోతోందండీ, కాలు తీసెయ్యండి" అని అరిచాను. ఆయన టక్కున కాలు తీసేశారు. వెనక అత్తగారు ఊపిరి బిగబట్టారు, నా అరుపుకో, కారు కుదుపుకో తెలియదు.

నెమ్మదిగా వెళ్తుంటే ఎదురుగా బాతుల మంద రోడ్డు దాటుతోంది. ఆయన పెద్ద హారన్ మోగించారు. ముల్లు వణికి దిగింది. మళ్లీ మోగించారు, మళ్లీ దిగింది. చెప్పొచ్చా చెప్పకూడదా అని ఒక్క క్షణం చీర కొంగు వేలికి చుట్టుకుని కూర్చున్నాను.

"మామయ్యగారూ, మీరు హారన్ కొట్టినప్పుడల్లా ముల్లు కిందికి దిగుతోందండీ."

ఆయన నావైపు చూసి, కారు పక్కకి ఆపి, ఇంజను రేజ్ చేస్తూ హారన్ నొక్కారు. ముల్లు దిగింది. హారన్‌కీ పెట్రోలుకీ ఏమిటి సంబంధం అని పైకే అనుకుని, అంతలోనే, పెట్రోలు లాగే పంపు నడిచేది కరెంటుతోనే కదమ్మా అన్నారు. పంపు వెనక సీటు కింద ఉంది. అత్తగారు బురదలోకి దిగనంటే బతిమాలి దింపాం. సీటు ఎత్తి చూస్తే, పంపుకి వెళ్లే సన్నటి పాత వైరుకే ఆ పెద్ద హారన్ తాలూకు వైరు అతికించి ఉంది. ఆ అతుకు మాడి నల్లబడిపోయింది. ఆ మాడిన అతుకు వల్ల, హారన్ కొట్టినా, కాలు గట్టిగా నొక్కినా పంపుకి కావలసినంత కరెంటే అందటం లేదన్నమాట.

"ఎవరండీ ఆ అతుకు వేసిన మహానుభావుడు?" అన్నారు అత్తగారు.

మామగారు చెరువులకేసి చూస్తూ, "నేనే" అన్నారు. ముందు అత్తగారు, తర్వాత ఆయన, ఆ వెనక నేను, ముగ్గురం రోడ్డు పక్కన నిలబడి నవ్వాం.

హారన్ వైరు అక్కడే విడదీసి మెల్లగా ఇల్లు చేరాం. సాయంత్రానికల్లా ఆయన బ్యాటరీ నుంచి పంపుకి విడిగా లావుపాటి వైరు లాగారు. మర్నాడు మళ్లీ వెళ్లాం, ఈసారి అత్తగారు రాలేదు. ఎంత నొక్కినా ముల్లు తగ్గలేదు సరికదా, టర్బో ఈలతో పాటు పైకి లేచింది. తిరుగుదారిలో ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు, ఏం చదివావమ్మా, ఏ పాఠం ఇష్టం అని అడుగుతూ వచ్చారు. బీయెడ్ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన కారు వేగం తగ్గించారు. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదమ్మా అన్నారు, కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు. ఆ వారమే దరఖాస్తుకి తానే ఏలూరు తీసుకెళ్లారు. సీటు వచ్చాక పొలం పనిలేని రోజుల్లో కాలేజీ గేటు దాకా దింపేవారు. మా నాన్నగారు వచ్చినప్పుడు, కారు జబ్బు మా కోడలే పట్టుకుందండీ అని చెప్పి, తన అతుకు సంగతి మాత్రం మింగేశారు.

చూపు మందగించాక ఆ కారుని ఆయనే విజయవాడ స్నేహితుడికి అప్పగించి వచ్చారు. ఇప్పుడు ఆయనా లేరు. నేను బళ్లో పిల్లలకి కరెంటు పాఠం చెప్పేటప్పుడు ఆయన్ని తలుచుకోకుండా ఉండలేను. మా ఇద్దరి మధ్య నడిచిన మాటల్లో సగానికి పైగా ఆ కారులో నడిచినవే.

ఈనాటి కోడళ్లు మామగారితో చనువుగా మాట్లాడుతుంటే నాకు సంతోషంగా ఉంటుంది, నా మొదటి ఏడాది మౌనం ఎవరికీ వద్దు. కార్లు కూడా మెరుగయ్యాయి, తమకేం వచ్చిందో అవే చెప్పేస్తున్నాయి. అదీ మంచిదే. కానీ ఒక మనిషి ఇంకో మనిషిని పక్కన కూర్చోమని పిలవటానికి ఉండే వంకల్లో ఒకటి తగ్గిపోయిందే అని, అప్పుడప్పుడూ దిగులు వేస్తుంది.