అమ్మ టీవీని నిలదీసిన ఆదివారం

మా అమ్మకి టీవీతో మాట్లాడే అలవాటు. సీరియల్లో కోడలు ఏడిస్తే ఓదారుస్తుంది, అత్త నవ్వితే దులిపేస్తుంది. నాకేమో ముక్కు మీద కోపం. మా బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉంటే ఈవిడ గోల ఏమిటని కసురుతాను. ఆవిడ వినదు. అరసవల్లిలో మా అద్దె ఇంట్లో ఆదివారాలన్నీ ఇలాగే గడుస్తాయి.

ఆ ఆదివారం మాత్రం మా తమ్ముడు కూడా ఉన్నాడు. వాడు మిలట్రీలో చేస్తాడు, సెలవు మీద వచ్చాడు. మా వైపు మిలట్రీ కుర్రాడు సెలవు మీద దిగాడంటే పెట్టె తెరవకముందే సంబంధాలు మొదలవుతాయి. మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు గదా, ఉన్న నాలుగు రోజుల్లోనే చూపులూ మాటలూ అన్నీ అయిపోవాలి. వరసకు మావయ్య అయ్యే ఆయన ఒకరు నరసన్నపేటలో పిల్లని చూసి పెట్టాడు. మర్నాడు పొద్దున్నే మా ప్రయాణం. అమ్మ పళ్ళూ పూలూ తెచ్చి పెట్టుకుంది. ఏమంటావురా అని ఎన్నిసార్లడిగినా తమ్ముడు "మీ ఇష్టం" అన్నాడే తప్ప ఇంకో మాట అనలేదు. సిగ్గనుకున్నాం.

భోజనాలయ్యాక అమ్మ, మిలట్రీ సినిమా ఏదైనా పెట్టమంది. కొడుకు అందులో చేరిన దగ్గర్నుంచీ ఆ బట్టలు తెర మీద కనిపిస్తే చాలు, ఆవిడ కళ్ళు పెద్దవైపోతాయి. వెతికితే ఏదో పరాయి దేశం సినిమా, తెలుగులోకి మార్చింది దొరికింది. బొమ్మ చూడగానే తమ్ముడు, "వద్దక్కా, ఏడుపు సినిమా" అన్నాడు. వాడు వద్దంటే నేను మానేస్తానా? అన్నీ నీ ఇష్టమేనా అని పెట్టేశాను. వాడు లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళకుండా గోడకి చేరబడి చాప మీద కూర్చున్నాడు.

ఇద్దరు కుర్ర సిపాయిల కథ అది. ఒకే కంచంలో తింటారు, ఒకే దుప్పటి కప్పుకుంటారు. వాళ్ళ చేత మాట్లాడించిన తెలుగు మరీ పుస్తకంలా ఉంటే నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు, వీళ్ళు నేస్తాలు అని తేల్చేసింది. మా వైపు నేస్తం కట్టడమంటే ఉత్త స్నేహం కాదు. ఒకరికొకరు కొత్త బట్టలు పెట్టుకుంటారు, ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోరు, రెండిళ్ళూ చుట్టాలైపోతాయి. అమ్మకీ ఓ నేస్తం ఉంది, కష్టమొస్తే అక్కచెల్లెళ్ళ కంటే ముందు ఆవిడే వస్తుంది. కాసేపటికి తెర మీద ఒకడు రెండోవాడి చెంప పట్టుకుని కళ్ళలోకి చూశాడు. ఇది ఉత్త నేస్తం కాదని నాకు అర్థమై, సిగ్గేసి రిమోట్ అందుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉండనీ అంది. ఆవిడకీ అర్థమైంది.

తర్వాత తోటివాళ్ళకి తెలిసిపోయింది. ఇక ఆ ఇద్దరిలో మెతకవాణ్ణి బతకనివ్వలేదు. వాడి అన్నంలో ఇసక పోశారు, పేర్లు పెట్టి ఎగతాళి చేశారు, కుళాయిల దగ్గర పడేసి కొట్టారు. వాడేమో తల్లికి ఫోన్ చేసి బాగున్నాననే చెప్పాడు. ఓ పొద్దున్న వాడి శవం దొరికింది. తుపాకీ పొరపాటున పేలిందని అధికారులు తల్లికి కబురు పంపారు. నేను కళ్ళొత్తుకుంటూనే ఉన్నాను. అమ్మయితే, ఆల సొమ్మేటి తిన్నాడే ఆడు అని ఆ అధికారుల్ని నానా తిట్లూ తిట్టింది.

చివర్లో ఆ తల్లి కొడుకు బట్టల పెట్టె ముందేసుకుని, నా బిడ్డ నాకెందుకు చెప్పలేదని ఏడ్చింది.

మా అమ్మ ఊరుకుంటుందా? "ఏటి సెప్తాడమ్మా? నువ్వు అడిగినావేటి?" అని టీవీ మీదికి చెయ్యి విసిరింది.

ఆ మాట తనకే తగిలినట్టుంది. మెల్లిగా వెనక్కి తిరిగి చూసింది. తమ్ముడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. భుజాలు అదురుతున్నాయి.

"ఒరే, నీకూ అలాటోడు ఎవుడైనా ఉన్నాడేట్రా?"

వాడు తువ్వాలు తీశాడు. "ఉన్నాడమ్మా."

తెర మీది పరాయి పిల్లాడి కోసం అంతసేపూ ఏడ్చినదాన్ని, నా తమ్ముణ్ణి ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. అమ్మ మాత్రం ఏడుస్తూనే అడిగింది. పెళ్ళయితే మారదా అంది. మారదమ్మా, ఆ పిల్ల బతుకు కూడా పాడవుద్ది అన్నాడు. ఆవిడ నుదురు కొట్టుకుంది. నాకేమీ తెలియట్లేదురా అంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఫోన్ ఇమ్మని నావైపు చెయ్యి చాపింది.

రేపు రావట్లేదని చెప్పగానే మావయ్య గొంతు లేచింది. అంత దూరంలో కూర్చున్న మాకే వినపడింది, కుర్రాడిలో ఏమైనా లోపం ఉందా అని.

"లోపం నాది. ఆడిని అడక్కుండా సంబంధం సూసీసినాను" అని పెట్టేసింది.

ఆ మాట వినగానే తమ్ముడు వచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. అప్పుడు వచ్చింది నాకు చెయ్యి. వాడి వీపు మీద వేసి కూర్చున్నాను.

అమ్మకి అంతా మింగుడు పడిందని చెప్పను. మిగిలిన సెలవంతా వాడికి ఇష్టమైనవన్నీ వండింది గానీ సరిగ్గా నిద్రపోలేదు. పెళ్ళి బెంగ కాదది. కన్ను మూస్తే ఆ కుళాయిలే కనిపిస్తున్నాయట. ఆమదాలవలస స్టేషన్లో రైలు వస్తుండగా వాడి మోచెయ్యి పట్టుకుని, అక్కడ ఎవరికైనా తెలుసా అని అడిగింది. తెలీదన్నాడు.

"సెప్పకు. సెప్పుకోవాలనిపిస్తే నాకు ఫోన్ సెయ్యి. నాతో మట్టుకు అబద్ధం ఆడకు."

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. బాగున్నానమ్మా అంటాడు. అందరు తల్లుల్లా అమ్మ అక్కడితో వదిలెయ్యదు. నిజమేనా అని మళ్ళీ అడుగుతుంది. అవతలి నుంచి వాడు నిజమేనమ్మా అనేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. టీవీ కట్టేసి, పక్కన నేనూ అలాగే ఉంటాను.