సార్ మెత్తిన గోడ

"సార్ పోయిండు బిడ్డా" అని ముంబై కామాఠిపుర నుంచి మా పుట్టింటి పక్క గది పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట తలుచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. "చూసినవా, విన్నవా?" అన్నాను. అది సార్ మాటే. కాలేజీలో మాకు జువాలజీ చెప్పినప్పుడూ, రిటైరై మా చాల్‌లోనే, ఆ వరస గదుల్లోనే ఒకదాంట్లో ఉన్నప్పుడూ, ఎవరేం చెప్పినా ఆయన అడిగేది అదే. పెద్దమ్మకు కోపం రాలేదు. "చూసిన బిడ్డా. నిద్రవోయినట్టే ఉన్నడు" అంది.

నా అనుమానాలకు ఇంట్లో అందరూ విసుక్కునేవారు. సార్ ఒక్కరే అది చదువుకు పనికొచ్చే గుణం అన్నారు. నిజంగా అన్నారో, నన్ను సంతోషపెట్టడానికి అన్నారో, ఇప్పటికీ నాకు అనుమానమే.

పోయిన ఎండాకాలం నేను పుట్టింట్లో ఉన్నాను. పెద్దమ్మ వరండాలో చెక్కపెట్టె పెట్టి కోళ్లను పెంచుతుంది. చాల్‌లో అందరికీ ఒళ్లంతా దద్దుర్లు. నల్లులనుకుని మందు కొట్టించారు, తగ్గలేదు. చివరికి తప్పు కోళ్లదేనని తేల్చి, వాటిని మర్నాడే ఫాక్‌లాండ్ రోడ్ చికెన్ దుకాణానికి ఇచ్చేయాలన్నాడు చాల్ సెక్రటరీ. పెద్దమ్మ పెట్టెకు అడ్డంగా కూర్చుంది. "ముందు నన్ను కొయ్యుండ్రి!"

ఆ గొడవలోకి సార్ లుంగీ ఎగ్గట్టుకుని వచ్చారు. పెద్దమ్మ కొప్పులోని పిన్ను అడిగి తీసుకుని గోడ పగులులో తిప్పారు. బూడిదరంగు పురుగొకటి కాగితం మీద పడింది, అణిగిపోయిన ఎండుద్రాక్షలా. "నల్లి కాదు, కోడి గోమారి" అంటూ భూతద్దం నా చేతికిచ్చారు. పశువుల మీది గోమారికుండే గట్టి పెంకు దీనికి లేదు, అంతా ముడతల తోలే. నోరు కిందివైపు ఉంటుంది, పైనుంచి కనబడదు. పగలంతా పగుళ్లలో దాక్కుని, చీకటి పడ్డాక వచ్చి రక్తం తాగి మళ్లీ గోడలోకి పోతుందట.

"జ్వరాలొస్తయా సార్?" అన్నాడు సెక్రటరీ.

"దీని చుట్టాలు కొన్ని దేశాలల్ల ఒక జ్వరం అంటిస్తయి, తగ్గినట్టే తగ్గి మళ్ల వస్తది. ఇదైతే కోళ్లకు జబ్బు తెస్తది. మనకు దురద పక్కా. మిగిలింది నేను చూడలె."

"ఐతె కోళ్లు పోతె ఝంఝట్ ఖతం!"

"కోళ్లు పోతయి. గోడల ఉన్నయి యాడికి పోతయి? తిండి లేకున్నా ఏండ్లు బతుకుతయి. కోడి దొరకకుంటె నీ మంచమెక్కుతయి."

పెద్దమ్మ లేచి నిలబడింది. "విన్నవా? నా కోళ్లే నిన్ను కాస్తున్నయి రా!"

వరండా అంతా నవ్వులు. "కోళ్లుంటే ఆ రక్తం తాగి ఇంకా పెరగవా సార్?" అన్నాను. సార్ మొహం వెలిగిపోయింది. "ఇగో, ఇదడగాలె! అందుకే ముందు గోడ పూడ్వాలె."

మేమంతా తాపీ పట్టినవాళ్ల పిల్లలమూ మనవలమే. ఆదివారం పశువుల డాక్టరు చెప్పిన మందు కోళ్లకు పట్టించాం. పాత పెట్టె తగలబెట్టి, గోడకు ఆనకుండా ఇనుప గూడు వేలాడదీశాం. కొరియర్ ఆఫీసులో పనిచేసే సెక్రటరీ, వాళ్ల నాన్న తాపీ వెతికి తెచ్చి పగుళ్లన్నీ పూడ్చాడు. చేతులకు ఆ పని ఎలా గుర్తుందో! సార్ కూడా పట్టుబట్టి కిటికీ గట్టు మీది పగులొకటి మెత్తారు. సగం సిమెంటు ఆయన పాదాల మీదే పడింది.

"సార్, ఇది గోడనా, పకోడినా?" అన్నాడు సెక్రటరీ. అంతలో పుంజు ఎగిరొచ్చి ఆ తడి సిమెంటు తొక్కేసింది. సెక్రటరీ సాపు చెయ్యబోతే సార్ ఆపారు. "ఉండనియ్. కేసు గెలిచినోళ్లు దస్కత్ పెట్టిండ్రు."

మొన్న సార్ దినాలకు గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి వెళ్లాను. "ఇప్పుడు కరుస్తున్నాయా పెద్దమ్మా?" అన్నాను. పెద్దమ్మ రెండు చేతులూ చాపింది. "చూసుకో. మళ్ల విన్ననంటవ్!" అయినా ఆమె పిన్ను తీసుకుని గోడంతా తడిమాను. పిన్ను దూరే సందు ఎక్కడా లేదు.

పెద్దమ్మ గుప్పెడు నూకలు చల్లింది. ఒక గింజ గట్టు మీది ఆ మూడు వేళ్ల కాలిగుర్తులో చిక్కుకుంది. పుంజు ఎగిరి గట్టెక్కి, మెడ ఒకవైపుకు వంచి, గింజను కాసేపు పరీక్షగా చూసింది. చూశాకే పొడిచింది.