సంచిలో దాచిన బోల్టు

కిరసనాయిలు, తుప్పు కలిసిన వాసన తగిలితే నంద్యాల పాత ఇనుము బజారులో ఇప్పటికీ నిలవలేను.

ఆళ్లగడ్డలో నాయన కమ్మరి. కాలిన ఇనుమును ఆయన పట్టుకుంటే అమ్మ సమ్మెటతో కొట్టేది. ఒకసారి నాయన కరెంటుతో తనే సమ్మెట దెబ్బలు వేసే పవర్ హ్యామర్ మిషను, మూలపడింది, ఒకటి కొనుక్కొచ్చి, కిరసనాయిలుతో తుప్పు కడుగుతూ అన్నాడు: "ఇది నడిచిందంటే ఇంక మీ అమ్మతో పనిలేదు పాపా."

అమ్మను పంపించేస్తాడని భయపడ్డాను. దాని పెద్ద బోల్టును పుస్తకాల సంచిలో దాచి, వారం రోజులు బడికి మోశాను. పాఠం ఒక్కటీ చెవికెక్కలేదు. నాయన ఇల్లంతా వెతికాడు.

చివరికి అమ్మ సంచి ఎత్తబోయింది. "ఏంది పాపా, ఇంత బరువు?"

ఏడుస్తూ అంతా చెప్పాను.

"పిచ్చిదానా! నా భుజం పోతాందని గదా మీ నాయన దాన్ని బాగుచేస్తాండేది!" అని నవ్వింది.

నేను బోల్టు దాచిన వారమంతా అమ్మ ఆ భుజంతోనే సమ్మెట ఎత్తిందని చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు.