గోనెసంచి మీది మరక

కొడుకు, వాడి సైకిల్, మూడు నెలల కూలి, ఊళ్లో మాట. పోయినవాటిని ఆమె వేళ్లు మడిచి నాకు లెక్క చెప్పింది.

తొంభైల్లో ఒక మధ్యాహ్నం తార్నాక బస్టాపులో ఆమె నా పక్కన కూర్చుంది. వెంట కానిస్టేబుల్ ఉన్నాడు. దగ్గర్లోని డీఎన్‌ఏ ల్యాబులో అప్పుడే పరీక్షకు రక్తమిచ్చి వచ్చింది. మోచేతి మడతలో దూది ఇంకా అలాగే ఉంది.

వాళ్ల ఊరి పటేలు పశువుల కొట్టంలో పనిచేసే కొడుకు కనబడకుండా పోయాడు. శవం లేదు. అక్కడ దొరికింది నెత్తుటి మరకలున్న గోనెసంచి ఒక్కటే. అది మేక రక్తమనీ, కుర్రాడు బొంబాయి పారిపోయాడనీ పటేలు అంటున్నాడు.

"రాజీ పడు పెద్దమ్మా. మేకదని తేలితే ఊళ్లె ఉండనియ్యరు" అన్నాడు కానిస్టేబుల్.

"నేను మేకను కన్ననా సారూ? మరక నా కొడుకుదైతే నా నెత్తురే పట్టిస్తదని ల్యాబుల మేడం చెప్పింది. పట్టియ్యనియ్యి."

సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ని, ఏదైనా లెక్కపెట్టే అలవాటుతో అడిగాను: "పిల్లలెంతమందమ్మా?"

"ముగ్గురు."

"ఇప్పుడు ఇద్దరే గద" అని కానిస్టేబుల్ సరిచేశాడు.

ఆమె గిర్రున అతనివైపు తిరిగింది. "గోనె మీదిది మేక రక్తమంటిరి. మరి ఇద్దరెట్లయిండ్రు సారూ?"

అతను బస్సు వచ్చే దిక్కుకు చూడసాగాడు.

"ముగ్గురే, అన్నా" అంది నాతో. "ఒకడు పటేలు నాకు బాకీ."

రిపోర్టు ఏమని వచ్చిందో నాకు తెలియదు. ఏమని వచ్చినా, ఆమెకు ఇంకా ఒకడు రావాలి.